మా వదిన చల్లబరిచిన మెషీన్

మా వదిన మీద ఓ చిన్న వ్యాసం రాసివ్వమని మేం పనిచేసే రీసెర్చ్ సెంటర్ పత్రికవాళ్లు నన్ను అడిగారు. ‘క్వాంటమ్ రంగంలో మహిళలు’ అని ప్రత్యేక సంచికట. రెండు వందల మాటలు చాలట. చదివినవాళ్లకి స్ఫూర్తి కలగాలట. నాకు ఒళ్లు మండింది. రెండు వందల మాటల్లో సరిపెట్టడానికి ఆవిడేమన్నా నోటీసు బోర్డా? అందుకే వాళ్లకి ఇవ్వడం మానేసి నాకు తోచినంత, నాకు తోచినట్టు రాస్తున్నాను. స్ఫూర్తి సంగతి నాకు తెలియదు. నాకైతే కోపమే కలిగింది.

ముందు నేనెవరో చెప్పాలి. ఆవిడ తమ్ముణ్ణి నేను చేసుకున్నాను. సెంటర్ ఆఫీసులో టైపిస్టుని. మీటింగుల్లో మూల కుర్చీలో కూర్చుని, ఎవరేమన్నారో రాసుకుని, మినిట్స్ తయారుచేయడం నా అసలు పని. వదిన బేస్‌మెంట్ ల్యాబ్‌లో టెక్నికల్ హెల్పర్. ఇద్దరం ఒకే ఇంట్లోంచి ఒకే బస్సులో వెళతాం. గేటు దాటాక ఆవిడ మెట్లు దిగుతుంది, నేను మెట్లు ఎక్కుతాను.

వదిన చదివింది ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే డిప్లొమా. క్లాసులో నలభై మంది అబ్బాయిలు, ఈవిడొక్కతే ఆడపిల్ల. మా మామగారికి ఫ్రిజ్ రిపేరు షాపు ఉండేది. పదేళ్ల వయసులోనే సబ్బు నురగ రాసి గ్యాస్ ఎక్కడ లీకవుతోందో పట్టేసేదట. ఆయన కొడుకుని వదిలేసి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పారంటే మా ఆయన పనితనం మీరే ఊహించుకోండి. ఇప్పటికీ ఇంట్లో బల్బు మార్చాలంటే "అక్కా!" అని కేకేస్తాడు. ఈవిడ స్టూలెక్కి మారుస్తూ, "ఒరేయ్, నిన్ను కన్నందుకు అమ్మకి ఎవరన్నా సానుభూతి తెలిపారా?" అంటుంది. నోరు మంచిది కాదు మా వదినకి. తప్పు కనిపిస్తే ఆగదు. పక్కింటివాళ్ల నీళ్ల మోటారు వింతగా మూలిగితే ఈవిడ గోడ మీదనుంచి తొంగిచూసి చెప్పేస్తుంది, వాళ్లు అడిగినా అడక్కపోయినా.

క్వాంటమ్ కంప్యూటర్ అంటే ఏదో అనుకుంటారు. నేనూ ఏదో అనుకున్నాను. చూస్తే అది పైనుంచి వేలాడే పెద్ద దీపాల గుత్తిలా ఉంది. ఒకదాని కింద ఒకటి బంగారు పూత పళ్లేలు, వాటి మధ్య వందల వైర్లు, అట్టడుగున వేలిగోరంత చిప్పు. ఆ చిప్పు లెక్కలు చెయ్యాలంటే నక్షత్రాల మధ్య ఉండే చలి కూడా చాలదట, అంతకన్నా చలి కావాలట. మూతల్లో, గొట్టాల్లో ఎక్కడ కంటికి కనపడనంత సందున్నా ఆ చలి నిలవదు. మళ్లీ అంతా వెచ్చబడనిచ్చి, విప్పి, సందు వెతికి, మూసి, చల్లబరచాలి. వారం పోతుంది. చిప్పు తయారుచేసే శాస్త్రవేత్తలు వేరే ఉన్నారు. చలి తెచ్చే మనిషి మాత్రం మా వదిన. చలి లేకపోతే చిప్పు ఉత్త రేకుముక్క. ఇది నా మాట కాదు, మా డైరెక్టర్ గారే ఒక మీటింగులో అన్న మాట, నేనే రాసుకున్నాను.

మూడేళ్ల కిందట హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, ‘సంస్థలో మహిళల భాగస్వామ్యం అందరికీ కనిపించాలి’ అని. కనిపించాలి అన్నారు గనక మావాళ్లు కనిపించే ఏర్పాటు మాత్రం చేశారు. ఫొటోగ్రాఫర్‌ని పిలిపించి వదినని మెషీన్ దగ్గర నిలబెట్టారు. అతనికి ఆవిడ చేతి తొడుగులు నచ్చలేదు.

"తీసెయ్యండి మేడం, చేతులు కనపడితే అందంగా ఉంటుంది" అన్నాడు.

"నా చేతి జిడ్డంటితే పళ్లెం పాడవుతుంది. అందం సంగతి ఇంటికెళ్లాక చూసుకుందాం" అంది వదిన.

చివరికి స్టోర్స్‌లో తుక్కు కింద పడేసిన పాత పళ్లెం ఒకటి తెప్పించారు. తొడుగులు తీయించి, పానా తలకిందులుగా పట్టించారు. "ఇలా పట్టుకుంటే బోల్టు తిరగదు బాబూ" అని ఆవిడ మొత్తుకుంటే, "తిరగక్కర్లేదు మేడం, మీరు నవ్వండి చాలు" అన్నాడు. ఆ ఫొటో ఇప్పుడు మా గేటు పక్కన గోడంత ఉంది. ‘రేపటి సాంకేతికత ఆమె చేతుల్లో’ అని కింద రాశారు. ఆమె అంటే ఎవరో రాయలేదు. వదినకి పేరు వెయ్యలేదన్న బాధ కూడా లేదు. పానా తప్పుగా పట్టుకున్నానని సిగ్గుపడి రోజూ తల తిప్పుకుని లోపలికి వెళుతుంది.

ఇక ఈ ఏడు శీతలీకరణ ఇంజినీరు పోస్టు పడింది. మెషీన్ పూర్తి బాధ్యత ఆ ఇంజినీరుదే. ఎప్పుడు విప్పాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే అధికారం ఉంటుంది. ప్రతి ప్రయోగం ముందు ‘మెషీన్ సిద్ధం’ అని సంతకం పెట్టాలి. డిప్లొమా, మూడేళ్ల అనుభవం ఉంటే చాలు. వదిన కోసమే వేశారా అన్నట్టుంది. ఒక్క మెలిక ఉంది. ఇంటర్వ్యూ రోజుకి నలభై అయిదేళ్లు నిండకూడదు. వదినకి నిండడానికి ఆ రోజుకి సరిగ్గా ఇరవై నాలుగు రోజులుంది. ఇలాంటి పోస్టు మళ్లీ పదేళ్లకి గానీ పడదు. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు.

"వస్తుందంటావా?" అని ఆవిడ నన్నడిగింది, డాబా మీద బట్టలు తీస్తూ. ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడగని మనిషి.

"నీకు కాకపోతే ఇంకెవరికి వదినా?" అన్నాను. నా నోరు పడిపోను.

ఇంటర్వ్యూ రోజు లోపల ముగ్గురున్నారు. మా డైరెక్టరు, బయట్నుంచి వచ్చిన ప్రొఫెసరు, పర్సనెల్ ఆఫీసరు. మూల కుర్చీలో నేను. ప్రొఫెసర్ గారు వదినని చూడగానే, "అరె, గేటు దగ్గర పోస్టర్ మీరే కదూ! ఫొటోలో ఇంకా బాగున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు.

"సొంతంగా మెషీన్‌ని ఎన్నిసార్లు చల్లబరిచారు?" అని అడిగాడాయన.

"నూట ముప్పై ఏడుసార్లు సార్."

"రికార్డు?"

ల్యాబ్ లాగ్‌బుక్కులు బల్ల మీదే ఉన్నాయి. ఆయన తిరగేశాడు. ఆ పుస్తకంలో ‘పని ఎవరిది’ అని ఒక గడి ఉంటుంది. మా ల్యాబ్ ఆచారం ఏమిటంటే ఆ గడిలో చిప్పు ఎవరిదైతే వాళ్ల పేరు రాస్తారు. మెషీన్ విప్పిందెవరు, మూసిందెవరు, మూడేసి రోజులు కనిపెట్టుకుని ఉండి చల్లబరిచిందెవరు అని రాసే గడి లేనే లేదు. పుస్తకం నింపేది మాత్రం వదినే, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని అందరూ ఆవిడ మీదకే తోసేశారు. అంటే నూట ముప్పై ఏడుసార్లూ ఆవిడే చేసి, ఆవిడే తన చేత్తో వేరేవాళ్ల పేర్లు రాసింది. గడి లేకపోతే గీసుకోవాలని ఆవిడకి తట్టలేదు. నాకూ తట్టలేదు, అబద్ధం ఎందుకు.

"ఎక్కడా మీ పేరు లేదే? దస్తూరి మాత్రం చాలా బాగుంది. వాళ్లు చేస్తుంటే మీరు రాసేవారన్నమాట" అన్నాడు ప్రొఫెసరు.

"లేదు సార్. చేసేదీ నేనే, రాసేదీ నేనే. డైరెక్టర్ గారికి తెలుసు."

ముగ్గురూ డైరెక్టర్ వైపు తిరిగారు. వదినా, ఇద్దరు సార్లూ. నాతో కలిపితే నలుగురం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పదకొండేళ్లుగా ఆ బేస్‌మెంట్‌లో ఏం జరుగుతోందో ఆయనకి తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు. ‘అవును’ అంటే సరిపోయేది. మూడే మూడక్షరాలు.

"ఆవిడ మా టీమ్‌కి అమ్మలాంటిది" అన్నాడు. "పిల్లలందరికీ ఆవిడంటే ప్రాణం. చెయ్యి మంచిది. కానీ ఇంజినీరంటే నాయకత్వం కావాలి కదా."

అమ్మట! నా చేతిలో పెన్ను విరిగిపోతుందేమో అనుకున్నాను. పర్సనెల్ ఆఫీసరు ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "ఈ వయసులో మీకు ఇంత బాధ్యత ఎందుకమ్మా, హాయిగా ఉన్నారు కదా?" అన్నాడు. వదిన వాళ్లకి నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది.

తర్వాత వదిన ల్యాబ్‌లోనే పనిచేసే జూనియర్ వచ్చాడు. నాలుగేళ్ల కిందట చేరాడు. పని మొత్తం వదిన దగ్గరే నేర్చుకున్నాడు. మధ్యమధ్య అతని చిప్పులు కూడా మెషీన్‌లో పెట్టేవారు గనక, లాగ్‌బుక్‌లో ఇరవై ఒక్కసారి అతని పేరుంది. వదిన దస్తూరిలో, ముత్యాల్లా.

"ఇరవై ఒక్కసారి సొంతంగా! శభాష్" అన్నాడు ప్రొఫెసరు. "ఎక్కడ నేర్చుకున్నావయ్యా?"

"ల్యాబ్‌లోనే సార్" అన్నాడు.

ల్యాబ్ అంటే ఏది నాయనా? గోడలు నేర్పాయా, కుర్చీలు నేర్పాయా? ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. మూల కుర్చీలో కూర్చున్న మనిషికి గొంతు ఉండకూడదు కాబట్టి మింగేశాను.

ఇక్కడ మినిట్స్ గురించి ఓ మాట చెప్పాలి. మా సెంటర్లో మినిట్స్ ఎవరూ చదవరు. నోటికొచ్చినంత మాట్లాడేసి, చివరికి "అయిందా? ఇలా తే" అని ఆఖరి పేజీ తిప్పి సంతకం పెట్టేస్తారు. ఒకసారి నేను పొరపాటున క్యాంటీన్ మీటింగు కాగితాలు లైబ్రరీ కమిటీ ఫైల్లో పెడితే లైబ్రరీ కమిటీ సంతకాలు పెట్టేసింది, టీ కప్పుల సైజు పెంచాలన్న తీర్మానం మీద. ఎవరెంత వాగినా నేను ‘చర్చించిన మీదట నిర్ణయించడమైనది’ అని ఒక్క ముక్కలో రాసేస్తాను. పద్నాలుగేళ్లుగా ఆ వాగుడంతా నా కడుపులోనే ఉండిపోయింది.

ఆ రోజు అలా రాయలేదు. ఎవరేమన్నారో అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాను. పోస్టరు మాట, దస్తూరి మాట, అమ్మ మాట, వయసు మాట. ‘డైరెక్టర్ గారికి తెలుసు అని అభ్యర్థి చెప్పగా, డైరెక్టర్ గారు కళ్లజోడు తుడుచుకున్నారు’ అని కూడా రాశాను. చివర్న జూనియర్ ఎంపికైనట్టు రాశాను. ముగ్గురూ ఆఖరి పేజీ తిప్పి సంతకాలు పెట్టారు. నేనే కవర్లో పెట్టి హెడ్డాఫీసుకి పంపాను. అక్కడ ఎవరో ఒకరు చదువుతారు, చదివితే గగ్గోలు పుడుతుంది అనుకున్నాను. పిచ్చిదాన్ని కదా!

పన్నెండు రోజులకి కాగితాలు తిరిగొచ్చాయి. పైన ఒక చీటీ. ‘మినిట్స్ నిర్ణీత నమూనాలో లేవు. సరిచేసి పంపగలరు.’ అంతే. లోపలేముందో అక్కడా ఎవడూ చూడలేదు. వరసలు, ఖాళీలు, అంచులు చూశారు.

డైరెక్టర్ గారు మాత్రం ఆ చీటీ చూసి మొదటిసారి మినిట్స్ చదివారు. నన్ను పిలిచారు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏంటమ్మా ఇది? ఇలా రాస్తారా ఎవరన్నా?"

"అన్నారు కదా సార్."

"అన్నంత మాత్రాన రాసేస్తావా?"

"సంతకం పెట్టారు కదా సార్."

"ఇవాళ సాయంత్రానికి మామూలుగా టైపు చేసి పట్రా. ఈ కాపీ చింపెయ్" అన్నారు.

నేను చింపలేదు. ఇంటికి తీసుకెళ్లి వదిన చేతిలో పెట్టాను. అప్పటిదాకా ఆవిడకి నేను ఏమీ చెప్పలేదు. జూనియర్‌కి వచ్చిందని మాత్రం తెలుసు. "పోనీలే, కుర్రాడు, బాగుపడనీ" అంది, రెండు రోజులు సరిగ్గా తినలేదు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా నిదానంగా చదివింది. ‘అమ్మలాంటిది’ అన్న చోట వేలు పెట్టి ఆగింది. తను బయటికి వచ్చేశాక జూనియర్ ఏమన్నాడో చదివి, మళ్లీ ఇంకోసారి చదివింది.

"నా పేరు చెప్పలేదా వాడు?" అంది.

"లేదు."

"ఒక్కసారైనా?"

"లేదు వదినా."

మా ఆయన గుమ్మంలో నిలబడి, "పోనీ అక్కా, వదిలెయ్, వాళ్లతో మనకెందుకు" అని నసిగాడు. "నువ్వు నోర్ముయ్‌రా" అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆ పూటే వదిన ఫిర్యాదు రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలతో, జీవితంలో మొదటిసారి తన గురించి. నూట ముప్పై ఏడుసార్లకీ తేదీలు రాసి, ఆ మినిట్స్ జతచేసి, హెడ్డాఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. నేను మామూలు నమూనాలో మామూలు మినిట్స్ టైపు చేసిచ్చాను. మర్నాటి నుంచి నన్ను మీటింగుల నుంచి తప్పించి టపా సెక్షన్‌లో కూర్చోబెట్టారు, కవర్లు అంటించడానికి. పోతే పోయింది.

వదిన పుట్టినరోజు వచ్చింది, వెళ్లిపోయింది. మేం ఎవ్వరం ఆ ఊసెత్తలేదు.

ముప్పై ఒక్క రోజులకి జవాబు వచ్చింది. టపా సెక్షన్‌లో ఉన్నాను గనక నా చేతికే వచ్చింది. నేనే పరిగెత్తుకుంటూ బేస్‌మెంట్‌కి దిగాను. మెట్ల కింద నిలబడి ఇద్దరం చదివాం. ‘మీ అభ్యంతరం సమంజసమైనదే. కమిటీ వ్యాఖ్యలు అనుచితంగా ఉన్నవి. ఎంపిక రద్దుచేసి తిరిగి ఇంటర్వ్యూ జరపదగును’ అని ఉంది. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు. పేజీ తిప్పాను. ‘అయితే నేటికి మీ వయసు పరిమితిని పంతొమ్మిది రోజులు మించినందున మీరు అర్హులు కారు. అర్హత గల అభ్యర్థి ఒక్కరే మిగిలినందున ఆయన ఎంపిక ఖరారు చేయడమైనది. మీరు ప్రస్తుత హోదాలో మీ నియమిత విధులు కొనసాగించవచ్చును.’

న్యాయం మీదే, పోస్టు ఆయనది. ఎంత చక్కగా తేల్చారో! కాగితాన్ని వాళ్ల దగ్గరే నలభై మూడు రోజులు తిప్పి, ఆలస్యానికి శిక్ష ఆవిడకి వేశారు. నేను అక్కడే, ఆ మెట్ల కింద, బూతులు తిట్టాను. ఏం తిట్టానో రాయను, పిల్లలు కూడా చదవొచ్చు.

వదిన తిట్టలేదు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "నా నియమిత విధులు ఏంటో ఫైల్లోంచి తీసి ఇవ్వవే" అంది.

తీశాను. పదకొండేళ్ల కిందటి ఉద్యోగ పత్రంలో నాలుగు వరసలున్నాయి. పరికరాల మీద, నేల మీద దుమ్ము తుడవడం. స్టోర్స్ నుంచి సామాన్లు తేవడం. చెప్పినప్పుడు లాగ్‌బుక్ రాయడం. సాయంత్రం తలుపులు వేయడం. వదిన రెండుసార్లు చదువుకుని, "సరే" అంది.

మర్నాటి నుంచి ఆ నాలుగే చేసింది. దుమ్ము తుడిచింది. సామాన్లు తెచ్చింది. చెప్పినప్పుడు రాసింది. తలుపులు వేసింది. పానా ముట్టుకోలేదు. మెషీన్ మొదటి వారం చల్లబడలేదు. విప్పి మళ్లీ మూశారు. రెండో వారమూ చల్లబడలేదు. కొత్త ఇంజినీరు ల్యాబ్‌లో చెమటలు కక్కుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడని కింద నుంచి వార్తలు వచ్చేవి. నాకు కవర్లు అంటిస్తుంటే పాటలు వచ్చేవి. అయిదో వారంలో డైరెక్టర్ గారే దిగి వచ్చారట. వదిన నేల తుడుస్తోంది.

"అమ్మా, నువ్వొకసారి చెయ్యి వేస్తే అయిపోతుంది" అన్నారట.

"అది నా విధుల్లో లేదు సార్."

"విధులేంటమ్మా, మనం మనం ఒక టీమ్ కదా!"

"అయితే రాసివ్వండి సార్, ఈ మెషీన్ చల్లబరచడం నా పని అని. రాసింది చదువుకుని సంతకం పెట్టండి."

ఆయన రాయలేదు. వెళ్లిపోయాడు. ఆ మాట విని నేను ఎగిరి గంతేశాను. మా ఆయనకి నాలుగుసార్లు చెప్పాను. మెషీన్ తెర మీద ఇరవై రెండు డిగ్రీలు చూపిస్తోందట, నా కుర్చీ దగ్గర ఎంతో అక్కడా అంతే. మూలపడనీ, తుప్పు పట్టిపోనీ అనుకున్నాను.

నిన్న సాయంత్రం బస్సులో వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"ఏమైంది?" అన్నాను.

"రెండో మూత వరసగా బిగించాడే వాడు" అంది. "ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. ఒక పక్కనుంచి వరసగా బిగించుకుపోతే రెండో పక్క లేస్తుంది. వేడి మీద తెలీదు, చలిలో తెరుచుకుంటుంది. అందుకే నిలవట్లేదు."

"నీకెలా తెలుసు?"

"వాడు బిగిస్తుంటేనే చూశాను. పక్కనే తుడుస్తున్నా కదా. ఒక బోల్టు, దాని పక్కది, దాని పక్కది... ఒక్క మాటంటే సరిపోయేది. అనలేదు. గుడ్డ పిండుకుని మళ్లీ తుడిచాను."

"బాగా చేశావు" అన్నాను.

"ఏం బాగే!" అని అరిచింది. బస్సులో అందరూ మా వైపు తిరిగారు. "కళ్లముందు తప్పు జరుగుతుంటే నోరు మూసుకుని కూర్చోడం నాకు చచ్చినా రాదే. నలభై అయిదేళ్లొచ్చినా రాలేదు. ఇవాళ వచ్చింది. పదకొండేళ్లు చాకిరీ చేయించుకుని ఈ ఆఫీసువాళ్లు నాకు నేర్పింది ఇదొక్కటే!"

రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. ముందు సీట్లో ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. మా స్టాపు వచ్చేదాకా ఆవిడ ఏడుస్తూనే ఉంది, తర్వాత మొహం తుడుచుకుని దిగింది.